ఆగండి మేస్త్రి నడిచిన లైను

నలభై ఒకటో కరెంటు స్తంభం దగ్గర మేస్త్రి ఆగి, ఎడమ బూటు విప్పి, లోపల చేరిన బురదనీళ్ళు వంచేశాడు. ఆ బూటు మడమకి చిల్లు పడి ఏడాది దాటింది. కొత్త జత ఆఫీసు బీరువాలో అట్టపెట్టెతో సహా పదిలంగా ఉంది. కొత్తవి కరుస్తాయని ఇతగాడి భయం. బూటు తొడుక్కుని, మెడ వెనక్కి వంచి, స్తంభం కొస నుంచి మొదలు దాకా చూపు దింపాడు. పైన తీగల్ని మోసే మూడు పింగాణీ గిన్నెలూ క్షేమం. మూడు తీగలూ బిగువుగానే ఉన్నాయి. మధ్యతీగకి ఎక్కడినుంచో ఎగిరొచ్చిన నీలం టార్పాలిన్ పట్టా చుట్టుకుని ఉంటే, చేతిలోని పొడుగుకర్ర కొక్కేనికి తగిలించి లాగి పడేశాడు. జేబులోంచి పుస్తకం తీసి నలభై ఒకటి పక్కన టిక్కు పెట్టి, నలభై రెండో స్తంభం వైపు నడిచాడు.

తుఫాను ఊరు దాటి ముప్పై గంటలయింది. దుకాణాల బోర్డులు రోడ్డు మీదా, రోడ్డు మీది చెట్లు దుకాణాల మీదా పడి ఉన్నాయి. ఎవరి మేడ మీది నీళ్ళ ట్యాంకో బడి ఆవరణలోకి వచ్చి బుద్ధిగా కూర్చుంది. జనం చీపుళ్ళూ పారలూ పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. మేస్త్రి కనిపిస్తే చాలు, పని ఆపి అడిగేవాళ్ళు.

"మేస్త్రీ, కరెంటెప్పుడు?"

"ఆగండి."

"నిన్నట్నుంచీ ఆగుతూనే ఉన్నాం కదయ్యా!"

"ఇంకాస్త ఆగండి."

ఊళ్ళో అతని పేరు తెలిసినవాళ్ళు పదిమంది ఉంటారేమో. మిగతా అందరికీ అతను ఆగండి మేస్త్రి. మొహమ్మీదే పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఇరవై అయిదేళ్ళ వయసులో పెళ్ళి చేసుకోరా అని అక్క అడిగితే ‘ఆగు’ అన్నాడు. యాభై నాలుగేళ్ళు వచ్చాయి, ఆ ఆగడం ఇంకా అయిపోలేదు. మనిషి పొట్టి, ఎండకి మాడిన మెడ. ముప్పై ఏళ్ళు పైకి చూసి చూసి ఆ మెడ వెనక మూడు మడతలు పడ్డాయి. ఊరికి అతని గురించి తెలిసింది ఇంతే, ఇంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ అనిపించనూ లేదు.

పెద్ద గాలివాన తర్వాత లైనులోకి కరెంటు వదలాలంటే ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మొదటి స్తంభం నుంచి చివరి స్తంభం దాకా ఒక మనిషి కాలినడకన వెళ్ళి, ప్రతి స్తంభం కిందా నిలబడి చూడాలి. చివరి స్తంభం దగ్గర వైర్‌లెస్ సెట్టులో మూడే మాటలు చెప్పాలి. ‘నడిచాను, చూశాను, ఇవ్వండి.’ ఆ మాటలు చెవిన పడితే తప్ప సబ్‌స్టేషన్‌లో ఎవరూ స్విచ్చి మీద చెయ్యి వెయ్యరు. ‘చూశాను, ఇవ్వండి’ అంటే కుదరదు. ‘నడిచాను’ అని నోటితో అనాలి.

ఆ పద్ధతి పెట్టింది ఏ ఇంజనీరూ కాదు. మేస్త్రి అక్క పెట్టింది.

మేస్త్రికి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, అక్క కాపురానికి వెళ్తూ బట్టల పెట్టెతో పాటు తమ్ముణ్ణీ తీసుకెళ్ళింది. బావ లైన్‌మన్. స్తంభం ఎక్కడం, దిగడం, తీగకి మర్యాద ఇవ్వడం అన్నీ బావే నేర్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇలాంటి గాలివాన తర్వాతే, ఒక అధికారి జీపులో లైను పక్కన పోతూ అద్దంలోంచి చూసి, అంతా బాగానే ఉంది, ఇచ్చెయ్యండి అన్నాడు. కాలవ అవతల మలుపులో బావ ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. జీపులోంచి ఆ మలుపు కనబడదు.

పదకొండో రోజు అక్క ఆఫీసుకి వెళ్ళింది. పెద్ద అధికారి గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. పరిహారం కాగితాలు తెచ్చి ముందు పెడితే పక్కకి జరిపేసింది. "ఇకమీదట నడిచినవాడే చెప్పాలి. నడిచానని నోటితో చెప్పాలి. ఆ మాట రాసి సంతకం పెట్టండి, లేస్తాను" అంది. నాలుగు రోజులు సాయంత్రం దాకా కూర్చుని, ఇంటికి పోయి, పొద్దున్నే మళ్ళీ వచ్చింది. అయిదో రోజు సంతకం పెట్టారు. బావ ఉద్యోగం తమ్ముడికిచ్చారు. ఆ అధికారి బదిలీ అయిపోయాడు, పద్ధతి మాత్రం ఉండిపోయింది. అది ఎవరి పుణ్యమో ఊరికి తెలీదు. అక్క ఎవరికీ చెప్పుకోనూ లేదు.

ఇప్పుడా అక్కకి అరవై ఏడు. అయిదేళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన గాలి మిషను, ముక్కుకి గొట్టం. మిషను నడవాలంటే కరెంటు కావాలి. తుఫాను మొదలవగానే కరెంటు పోయింది. ఇంట్లో ఉన్న నాలుగు ఆక్సిజన్ సిలిండర్లలో మూడు తెల్లారేసరికి అయిపోయాయి. వెంటనే ఆఖరిది తగిలించాడు మేస్త్రి. సాయంత్రం నాలుగింటి దాకా వస్తుంది. ఆస్పత్రి బండి పంపుతామన్నారు గానీ, వీధి మొదట్లో చెట్టు అడ్డం పడి ఉంది. దాన్ని కొయ్యడానికి ఎప్పుడొస్తారో తెలీదు. పొద్దున బూట్లు తొడుక్కోకుండా మంచం పక్కనే తచ్చాడుతున్న తమ్ముణ్ణి అక్క కసిరింది.

"నా ఎదురుగా కూచుని నువ్వు ఊపిరి పీలిస్తే నాకొచ్చేదేముందిరా? ఫో. నీ లైను నువ్వు చూసుకో."

"బండి వచ్చేదాకా ఉంటానక్కా."

"పక్కింటి టైలరమ్మ ఉందిగా. నువ్వు నడిస్తేనే గదా నా మిషను నడిచేది."

ఆ మాటకి ఎదురు చెప్పలేక బయల్దేరాడు. ఆ ఇల్లు ఉన్నది ఈ లైను మీదే. నూట పన్నెండు స్తంభాలు. పన్నెండు పన్నెండున్నరకల్లా ముగించెయ్యగలనని లెక్క వేసుకున్నాడు. నీళ్ళు నిలిచిన చోట్ల చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. డెబ్భయ్యో స్తంభం దగ్గర విరిగిన కొమ్మ తీగని ఒరుసుకుంటుంటే లైను పనివాళ్ళ గ్యాంగుని పిలిచి కొట్టించాడు. ఎనభై ఎనిమిది చేరేసరికే పదకొండున్నర దాటింది.

అక్కడికి ఇంజనీరు మేడం జీపు వచ్చి ఆగింది. చిన్న వయసే. రెండు రోజులుగా కన్ను మూతపడని మనిషి, కళ్ళు ఎర్రబారిపోయాయి. జీపు దిగి, బురదలోనే నిలబడి మాట్లాడింది.

"మిగిలింది వెనకసందేగా, మేస్త్రిగారూ?"

"అవును మేడం. ఇరవై నాలుగు స్తంభాలు."

"మోకాలి లోతు నీళ్ళున్నాయక్కడ. మీరు నడిచేసరికి రెండవుతుంది. నేను పొద్దున మెయిన్ రోడ్డు మీంచి చూశాను, స్తంభాలన్నీ నిటారుగా ఉన్నాయి. జనం హాయిగా బట్టలారేసుకుంటున్నారు కూడా." ఆవిడ గొంతు తగ్గించింది. "మీ అక్కగారి సంగతి నాకు తెలుసు. గ్యాంగు అంతా కిందే ఉంది, నేనే లెక్కపెట్టాను. మీరు ఆ మాట చెప్పండి. పది నిమిషాల్లో కరెంటిస్తా."

చెడ్డ మనిషి కాదావిడ. మేలు చేద్దామనే అంది. మేస్త్రి వైర్‌లెస్ సెట్టు నోటి దగ్గరకి తీసుకున్నాడు. కళ్ళ ముందు అక్క గొంతు కింది గుంట, ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి పోతున్న ఆ చిన్న గుంట కనిపించింది. ఒక్క మాట. ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లో అన్న మాట. ఈ ఒక్కసారి కాస్త ముందుగా అంటే ఏమవుతుంది? బొత్తాం నొక్కాడు.

"సబ్‌స్టేషన్... నేను... నడిచా..."

"మేస్త్రీ! ఓ మేస్త్రీ!"

పిలిచింది టైలరమ్మ. చీర మోకాళ్ళ దాకా దోపుకుని, మెళ్ళో కొలత టేపు అలాగే వేలాడుతుండగా పరిగెత్తుకొస్తోంది. మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు. బొత్తాం వదిలేశాడు.

"ఏమైంది? అక్కకేమైంది?"

"ఏం కాలేదు, ఏం కాలేదు. చెట్టు కోసేశారు, ఆస్పత్రి బండొచ్చింది. వెళ్తున్నానని చెప్పమంది." టైలరమ్మ ఆయాసపడుతూ, రొమ్ము మీద చెయ్యేసుకుని అప్పజెప్పింది. "నా కోసం తొందరపడి వెధవ పనేదీ చెయ్యొద్దని చెప్పమంది. మొత్తం నడిచాకే నోరు విప్పమంది."

"గాలి ఎలా అందుతోంది?"

"నన్ను తిట్టేపాటి గాలి ఉంది. బండివాణ్ణి కూడా తిడుతుందిలే."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. పెద్దగా నవ్వేశాడు. రెండు రోజులుగా నవ్వని మొహం, దవడలు నొప్పెట్టాయి. టైలరమ్మ మాత్రం నవ్వలేదు. ఇంట్లో పనుందని వెంటనే వెనక్కి తిరిగింది. సెట్టులో సబ్‌స్టేషన్ ఆపరేటరు అరుస్తున్నాడు, ఏదో అన్నారు, మళ్ళీ చెప్పండి అని.

"ఏం లేదు," అన్నాడు మేస్త్రి. "ఆగండి."

ఇంజనీరు మేడం వైపు తిరిగి, "వెనకసందు నడిచొస్తాను మేడం. అక్క ఆస్పత్రికి చేరిపోతుంది, ఇంక నాకు బెంగ లేదు" అన్నాడు. ఆవిడ సరేనంది. మేస్త్రి కర్రతో ముందు నేల తడుముకుంటూ నీళ్ళలో దిగాడు.

తొంభై, తొంభై అయిదు, తొంభై ఆరు. చిల్లు బూటులోకి నీళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. అతనికి హుషారుగా ఉంది. ఆస్పత్రిలో అక్క ఇప్పటికే నర్సుల మీద పెత్తనం మొదలెట్టి ఉంటుందనుకున్నాడు. తొంభై ఏడు కింద నిలబడి మెడ వంచాడు. ఒకటి, రెండు. మళ్ళీ లెక్కపెట్టాడు. రెండే. మూడో తీగ లేదు.

చూపు కిందికి దించాడు. గిన్నె దగ్గర పుటుక్కున తెగిన మూడో తీగ కొస సందులోకి దిగి ఉంది. దాన్ని ఎవరో శ్రద్ధగా పైకెత్తారు. మొదటి ఇంటి గేటుకి చుట్టి, అక్కణ్ణుంచి రెండో ఇంటి కిటికీ ఊచకి ముడి వేసి, మూడో ఇంటి మెట్ల కమ్మీకి కట్టి, సందు పొడుగునా లాగారు. అవతలి కొస తొంభై ఎనిమిదో స్తంభం పైకి అలాగే అతుక్కుని ఉంది, కరెంటొచ్చేది అటునుంచే. ఆ తీగ మీద సందు సందంతా తడిసిన సంసారాన్ని ఆరేసుకుంది. పరుపులు, దుప్పట్లు, బడి యూనిఫారాలు, ఎవరివో పెళ్ళి ఫొటోలు బట్టల క్లిప్పులతో. ఇద్దరు ఆడవాళ్ళు ఓ పరుపుని చెరోవైపూ పట్టుకుని తీగ మీదికి ఎత్తుతున్నారు. ఒక ముసలావిడ నీళ్ళలో నిలబడి, రెండు చేతులా తీగ పట్టుకుని, దుప్పటి అంచులు సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటోంది. దాని కింద పిల్లలు దాగుడుమూతలాడుతున్నారు.

"ఆగండి!"

ఊరంతా వేళాకోళం చేసే ఆ మాట అతని నోట్లోంచి కేకలా వచ్చింది. సందంతా బిగుసుకుపోయింది.

"చేతులు తియ్యండి! అందరూ! పిల్లల్ని లోపలికి తీసుకుపోండి!"

"ఏమైంది బాబూ?" అంది ముసలావిడ, తీగ వదలకుండానే. "కరెంటు లేదుగా?"

"లేదు. వదిలెయ్ పెద్దమ్మా."

"భలే గట్టి తీగ. పరుపేసినా వంగలా. పడేసి పోయారు గదా, మనకి పనికొస్తుందని మావాడే కట్టాడు."

మేస్త్రి దగ్గరికెళ్ళి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే తీగ మీంచి విడదీశాడు. చల్లటి, మెత్తటి, నీళ్ళకి ముడతలు పడ్డ వేళ్ళు. తర్వాత తీగ మీద ఎవరి చెయ్యీ లేదని రెండుసార్లు చూసుకుని, సెట్టులో మాట్లాడాడు. తొంభై ఏడు దగ్గర తీగ తెగింది, లైను ఇవ్వొద్దు, గ్యాంగుని పంపండి అన్నాడు. మాట ఏ వణుకూ లేకుండా వచ్చింది. సెట్టు జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్న అరుగు మీద కూలబడ్డాడు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలనుకున్నాడు, తొమ్మిది దాకా వచ్చి మానేశాడు.

ఇంజనీరు మేడం నీళ్ళలో ఈడ్చుకుంటూ వచ్చింది. తీగనీ, పరుపుల్నీ, నీళ్ళలో నిలబడ్డ జనాన్నీ చూసింది. మెయిన్ రోడ్డు మీంచి తను చూసిన ఆరేసిన బట్టలు ఇవే. 

"ఇందాక నేను అనబోయాను మేడం," అన్నాడు మేస్త్రి. "సగం అనేశాను కూడా."

"నేనే గదా అడిగింది," అంది ఆవిడ. "ఇంకెప్పుడూ అడగను."

ఆ తర్వాత పని పనిలాగే జరిగిపోయింది. సందువాళ్ళు తిట్టుకుంటూనే పరుపులు దింపుకున్నారు. సంగతి అర్థమైనవాళ్ళు తిట్టడం మానేసి, పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. గ్యాంగు వచ్చి ముడులు విప్పి, తీగ అతికి, పైకెక్కించి బిగించేసరికి రెండున్నర. అంతసేపూ మేస్త్రి కింద నిలబడి ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలుస్తూ పని చేయించాడు. పైకెక్కిన ముగ్గురూ దిగాక ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి భుజం తట్టి మరీ లెక్క చూసుకున్నాడు. ఆ తర్వాత తొంభై తొమ్మిది నుంచి మళ్ళీ నడక. నూట పన్నెండో స్తంభం కిందికి వచ్చేసరికి మూడూ పది. వెనక్కి తిరిగి వచ్చిన దారంతా ఓసారి చూసుకుని, సెట్టు బొత్తాం నొక్కాడు.

"నడిచాను. చూశాను. ఇవ్వండి."

అతని గొంతు అంత నిండుగా రావడం సబ్‌స్టేషన్ ఆపరేటరు అంతకుముందు వినలేదట. తర్వాత అందరికీ చెప్పాడు.

నిమిషం గడిచింది. ఎక్కడో ఓ నీళ్ళ మోటారు గుర్రుమంది. ఎవరింట్లోనో టీవీ పెద్దగా అరిస్తే, ఎవరో దాని నోరు నొక్కారు. వీధి వెంట కేకలు మొదలయ్యాయి, చప్పట్లు కూడా. ఒక మేడ మీంచి ఎవరో "ఆగండి మేస్త్రీ, ఇంక ఆగక్కర్లేదయ్యా!" అని అరిస్తే చెయ్యి ఊపాడు. చేసిన పని బాగా చేశానని అతనికి అనిపించింది. ఆ సంగతి అక్కకి చెప్పాలనిపించింది. సగం మాట జారిన సంగతి కూడా చెప్పాలి. చీవాట్లు తప్పవు, అయినా దాచడం తన వల్ల కాదు.

ఆస్పత్రికి ఉత్త చేతులతో పోవడమెందుకు, అక్క తువ్వాలూ దువ్వెనా తీసుకుపోదామని ముందు ఇంటికి నడిచాడు. వీధి మొదట్లో చెట్టు కోసి పక్కకి జరిపేశారు. రంపంపొట్టు ఇంకా తడిగా ఉంది. తమ ఇంటి మెట్టు మీద టైలరమ్మ కూర్చుని ఉంది. మేస్త్రిని చూసి లేచి నిలబడింది. 

అతను కర్ర గోడకి ఆనించాడు. ఆవిడ పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

అక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. బయటికి కట్టుకెళ్ళే చీర కట్టుకుంది. జుట్టు దువ్వి ముడి వేసుకుంది. కరెంటు వచ్చింది కదా, మంచం పక్కన మిషను తనంతట తానే మొదలై ఎవరికీ అక్కర్లేని గాలి ఊదుతోంది. మేస్త్రి ముందు దాని స్విచ్చి కట్టేశాడు. తర్వాత అక్క నుదుటి మీద చెయ్యి వేశాడు.

"బండి రాలేదు అప్పటికి," అంది టైలరమ్మ గుమ్మం దగ్గర్నుంచి. "వస్తుందిగా, ముందే చెబితే ఏం పోయింది అంది మీ అక్క. వాడు నా కోసం నడవకుండా మాటిచ్చేస్తాడు, నాకు తెలుసు, పరిగెత్తు అంది. నేను తిరిగొచ్చేసరికి బాగానే ఉంది. తయారై కూచుంది. నమ్మాడా అని అడిగింది. నమ్మాడు, నవ్వాడు కూడా అన్నాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒంటిగంటన్నరకి కాసేపు వాలతానంది. బండి రెండింటికొచ్చింది. అందులో వచ్చిన నర్సమ్మ చూసి, సిలిండర్లో ఇంకా గాలుంది, ఆగింది గుండె అంది. నీకు కబురు పెడదామంటే... మొత్తం నడిచేదాకా చెప్పొద్దని ముందే ఒట్టేయించుకుంది. నన్ను తిట్టు మేస్త్రీ. ఏమన్నా అను."

నర్సమ్మ అన్నది నిజమో, ఓదార్పుకి అన్నదో మేస్త్రి అడగలేదు. ఒంటిగంటన్నరకి తాను ఎక్కడున్నదీ గుర్తొచ్చింది. సందువాళ్ళు ఆఖరి పరుపు దింపుతున్నారు. ఇందాక తీగ పట్టుకున్న ముసలావిడ, ఆ చేతులతోనే, అతనికి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాడు కూడా.

మంచం పక్కన నేల మీద కూర్చుని, అక్క చెయ్యి పట్టుకుని, ఆరేళ్ళప్పుడు ఏడ్చినట్టే నోరు తెరుచుకుని ఏడ్చాడు. టైలరమ్మ అతన్ని ఏడవనిచ్చింది. వీధిలో ఎవరో పిల్లలు కరెంటొచ్చిందోచ్ అని అరుస్తూ పరిగెత్తారు.

"ఒక్కనాడైనా అబద్ధమాడి ఎరగదు," అన్నాడు చివరికి, మొహం తుడుచుకుంటూ. "ఎంత నమ్మించేట్టు ఆడిందో చూడు."

చెయ్యవలసిన పనులు గుర్తొచ్చాయి. నలుగురికి కబురు చెప్పాలి. లేచి, తువ్వాలు కోసం దండెం మీద చూశాడు. లేదు. అలమరలో దువ్వెన కూడా లేదు. వెతుక్కుంటూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి వస్తూ తను గమనించనిది అప్పుడు చూశాడు. తలుపు వెనక అక్క సర్దుకున్న సంచి ఉంది, జిప్పు పూర్తిగా లాగి, దాని పక్కన ఆమె చెప్పుల జత, తొడుక్కుని బయల్దేరడానికి వీలుగా వీధివైపు తిప్పి.